కరెంటు ఎందాకా వచ్చింది?

చి.ల.సౌ. దాకా కొట్టాను. పెళ్లికూతురి పేరు కొట్టేలోపు మానిటర్ నల్లబడింది.

నిరుడు వైశాఖం నాటి మాట ఇది. తెనాలిలో మా ఇంటి ముందుగదిలో నాదొక చిన్న డీటీపీ పని. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, బళ్లు తెరిచేముందు అడ్మిషన్ల పాంప్లెట్లు, అప్పుడప్పుడూ ఎవరైనా రిటైరైన మాస్టారి పద్యాల పుస్తకం. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లజూసేది మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లోనే. అందులోనూ నిరుడు వైశాఖం దాటితే మూఢమూ ఆషాఢమూ అని పెళ్లిళ్లవాళ్లంతా ఒక్కసారే ఎగబడ్డారు. ఆ మధ్యాహ్నం ఒక కార్డు ప్రూఫు ప్రింటుకిచ్చి, అది వచ్చేలోపు ఖాళీగా ఎందుకని రెండో కార్డు మొదలుపెట్టాను. “స్వస్తిశ్రీ చాంద్రమానేన శ్రీ విశ్వావసు నామ సంవత్సర” అన్నది కొత్తగా కొట్టక్కర్లేదు, ఏటా సంవత్సరం పేరొక్కటి మారిస్తే చాలు. “మా ద్వితీయ పుత్రిక చి.ల.సౌ.” అన్నదాకా వచ్చాను. అంతే.

కరెంటు పోయిందనుకుందామంటే నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. యూపీఎస్ మీద పచ్చదీపం వెలుగుతోంది. మౌస్ కింద ఎర్రలైటు కూడా ఉంది. క్యాబినెట్ బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. (నా దగ్గరికొచ్చేవాళ్లంతా ఆ డబ్బానే సీపీయూ అంటారు. నేనూ అంతే.) నొక్కి పట్టుకున్నా లేదు, పదిసార్లు టకటకా నొక్కినా లేదు. ప్రింటుకిచ్చిన ప్రూఫు కూడా బయటికి రాలేదు గానీ, ఆ టెన్షన్‌లో దాన్నెవరు పట్టించుకున్నారు!

సాయంత్రం షాపు నుంచి కుర్రాడొచ్చాడు. మంచి పిల్లాడే, చెప్పులు గుమ్మం బయట విప్పి వస్తాడు. బటన్ ఒకసారి నొక్కి చూసి, “ఎస్‌ఎంపీఎస్ పోయిందాంటీ” అన్నాడు. (గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన చిన్న వోల్టేజీలుగా మార్చి ఇచ్చే భాగం అది.) డబ్బా మూత తీయకముందే రోగం తేలిపోయింది. వైర్లన్నీ పీకాడు, పాతది విప్పాడు, సంచిలోంచి కొత్తది తీసి బిగించాడు, ఆన్ చేశాడు, వచ్చేసింది. 1,100 రూపాయలు. కళ్లెదుట వచ్చింది గనక నేనూ నమ్మాను. పాతది పట్టుకుపోబోతే మాత్రం, ఉండనీ బాబూ, అన్నాను. మా ఇంట్లో పాడైన వస్తువు గడప దాటదు. అది మా నాన్న నుంచి వచ్చిన జబ్బు.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు నేను చూస్తుండగానే దానంతటది ఆరి, దానంతటదే మళ్లీ లేచింది. సరిగ్గా షట్‌డౌన్ చెయ్యలేదంటూ విండోస్ నన్నే తప్పుబట్టింది. ఆ మర్నాడు ఆరింది, ఇక లేవలేదు. ఫోన్ చేస్తే కుర్రాడు రానే రాలేదు, ఫోన్లోనే చెప్పేశాడు. “అయితే మదర్‌బోర్డు ఆంటీ. 2012 నాటిది కదా, ఇప్పుడా బోర్డులు దొరకవు. కొత్త సిస్టమ్ తీసేసుకోండి, 28 వేలల్లో అయిపోద్ది.”

28 వేలు ఒక బాధ. అసలు బాధ అది కాదు. నా పనంతా విండోస్ 7 మీద, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. 13 ఏళ్ల శుభలేఖలు అందులో ఉన్నాయి. పెద్దమ్మాయి పెళ్లికి కొట్టిన కార్డు ఫైలు తీసి చిన్నమ్మాయి పెళ్లికి పేర్లు మార్చి ఇచ్చిన ఇళ్లెన్నో. కొత్త సిస్టమ్‌లో ఇవన్నీ మళ్లీ కుదురుకునేసరికి ముహూర్తాలు కాస్తా అయిపోతాయి. పైగా నాకు కోపం కూడా వచ్చింది. మొదట ఎస్‌ఎంపీఎస్ అన్నాడు, తర్వాత మదర్‌బోర్డు అన్నాడు, ఇంకో వారం పోతే లోపం నాలోనే ఉందంటాడేమో. ఉన్నమాట చెప్పాలంటే, చివరికి తేలింది దాదాపు అదే.

మా నాన్న ఎలక్ట్రిసిటీ బోర్డులో లైన్‌మన్‌గా చేశాడు. చిన్నప్పుడు సెలవుల్లో సైకిల్ ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని ఊళ్లోకి తీసుకెళ్లేవాడు. సంచిలో కటింగ్ ప్లయరు, టెస్టరు, టెస్ట్ ల్యాంపు. టెస్ట్ ల్యాంపంటే ఏం లేదు, హోల్డర్లో ఒక బల్బు, దానికి రెండు వైర్లు. రైతు ఎదురొచ్చి “మోటారు కాలిపోయిందయ్యా” అనేవాడు. నాన్న మోటారు వైపు చూసేవాడే కాదు. స్తంభం దగ్గర మొదలుపెట్టి “ఇందాకా వచ్చింది, ఇందాకా వచ్చింది” అని గొణుక్కుంటూ మీటరు, మెయిను, ఫ్యూజులు, స్టార్టరు, ఒక్కొక్కటీ దాటుకుంటూ పోయేవాడు. గొణుగుడు ఎక్కడ ఆగితే అక్కడ ప్లయరు బయటికి వచ్చేది. చాలాసార్లు మోటారు దాకా వెళ్లే పనే పడేది కాదు.

కంప్యూటర్ మాత్రం మోటారు కంటే ఎక్కువేం తిన్నది? గోడ దగ్గర బయల్దేరిన కరెంటు యూపీఎస్ దాటాలి, వైరు దాటాలి, ఎస్‌ఎంపీఎస్ దాటాలి, మిగతా భాగాలన్నీ తగిలించి ఉండే మదర్‌బోర్డులోకి రావాలి. ఎందాకా వచ్చిందో చూస్తే సరి. 350 పెట్టి వోల్టులు కొలిచే మల్టీమీటర్ కొనుక్కొచ్చాను. మా ఆయన దాన్ని చూసి ఏదో అనబోయి ఊరుకున్నారు.

గోడ సాకెట్లోంచి యూపీఎస్ ప్లగ్గు తీసి, పిల్లలు చదువుకునే టేబుల్ లైటు పెట్టాను. వెలిగింది. ఇందాకా వచ్చింది. యూపీఎస్ వెనక సాకెట్లో అదే లైటు పెట్టాను. వెలిగింది. క్యాబినెట్‌కి వెళ్లే వైరూ మానిటర్ వైరూ ఒక రకమే, అటూ ఇటూ మార్చి చూశాను. వైరు మంచిదే. ఎస్‌ఎంపీఎస్ వెనక ఉండే చిన్న స్విచ్చు ఆన్‌లోనే ఉంది. (పాత ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నిటికి అక్కడే 115, 230 అని ఎర్ర మీట ఒకటి ఉంటుంది. దాన్ని పొరపాటున 115 వైపు జరిపి మన 230 వోల్టుల కరెంటు ఇచ్చారంటే ఢామ్మని పేలుతుంది. దుమ్ము తుడిచేటప్పుడు దాని జోలికి పోకండి.)

ఇక్కడ కాస్త ఆగి, నాకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. నేను డీటీపీ నేర్చుకున్న రోజుల్లోని పాత కంప్యూటర్లలో ముందు బటన్ దాకా 230 వోల్టుల వైరు వచ్చేది. అది నిజం స్విచ్చు, ట్యూబులైటు స్విచ్చులాగే. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే పద్ధతి తెచ్చాక అది మారింది. ఇప్పుడు మనం నొక్కేది స్విచ్చు కాదు, కాలింగ్ బెల్లు. బెల్లు మోగితే మదర్‌బోర్డు లేచి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలుపుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ తలుపు తీస్తుంది. మరి మదర్‌బోర్డుకి ఆ బెల్లు వినడానికైనా కాస్త కరెంటు ఉండాలి కదా. అందుకని ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ ఊదారంగు వైరులో 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. కంప్యూటర్ ఆపినా మౌస్ కింద లైటు వెలుగుతోందంటే, చాలా సిస్టముల్లో అది ఆ ఊదా వైరు చలవే. అంటే ఆ రోజు మౌస్ లైటు నాకు ఏదో చెప్పబోయింది. ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా చావలేదు, కనీసం సగం మేలుకునే ఉంది.

సరే, మదర్‌బోర్డు చెయ్యాల్సిన పని మనమే చేసి చూడొచ్చు. ప్లగ్గు తీసేసి, మదర్‌బోర్డుకి వెళ్లే 24 రంధ్రాల పెద్ద కనెక్టరునూ మిగతా వైర్లనూ ఊడదీసి, జెమ్ క్లిప్పు ఒకటి సాగదీసి వంచి, ఆకుపచ్చ వైరు రంధ్రానికీ పక్కనున్న నల్ల వైరు రంధ్రానికీ కలిపాను. ఎస్‌ఎంపీఎస్ మీద కాస్త కరెంటు లాగే లోడు ఉండాలని పాడైన పాత హార్డ్‌డిస్కు ఒకటి తగిలించాను. అప్పుడు ప్లగ్గు పెట్టి, చెయ్యి దూరంగా ఉంచి, స్విచ్చు వేశాను. గిర్రున ఫ్యాను తిరిగింది. మీటరు నల్ల ముల్లు నల్ల వైరులో, ఎర్ర ముల్లు రంగురంగుల వైర్లలో పెట్టి చూశాను. పసుపులో 12.06, ఎరుపులో 5.03, నారింజలో 3.34, ఊదాలో 5.02. వీటికి నూటికి ఐదు అటూ ఇటూ ఉన్నా తప్పులేదు, అంటే పసుపు 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు. నావి పరీక్షలో ఫస్టు క్లాసు మార్కులు.

అప్పుడు బుద్ధి పుట్టి అటక మీంచి ఆ “పోయిన” ఎస్‌ఎంపీఎస్ దింపాను. అదే క్లిప్పు, అదే డిస్కు. గిర్రున తిరిగింది. పసుపులో 11.94.

చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను. 1,100 రూపాయలు పోయాయన్న బాధకంటే, మంచిదాన్ని పట్టుకుని చచ్చిపోయిందని అందరం ఎలా నమ్మామా అని. మీలో ఎవరికైనా దాని డబ్బా విప్పి లోపల చూడాలనిపిస్తే వద్దు. 230 వోల్టులు లోపలికి వెళ్లి నేరు కరెంటుగా (డీసీగా) మారితే 320 పైచిలుకు అవుతుంది, అది పెద్ద కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలవుంటుంది. లైన్‌మన్ కూతుర్నయినా నేను ఆ స్క్రూలు ముట్టుకోలేదు.

ఎస్‌ఎంపీఎస్ మంచిదే అని తేలాక అంతా మళ్లీ బిగించాను. ముందు బటన్ నుంచి వచ్చే సన్న వైర్ల జత మదర్‌బోర్డు అంచున రెండు పిన్నులకి తగిలించి ఉంటుంది. అది ఊడదీసి, ఆ రెండు పిన్నులనీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపాను. సిస్టమ్ లేచి కూచుంది! అంటే లోపం బటన్‌లో. 13 ఏళ్లుగా నొక్కీ నొక్కీ అరిగిపోయి ఉంటుంది. రీసెట్ బటన్ వైర్లు తెచ్చి ఆ పిన్నులకి తగిలించి, ఇకమీదట రీసెటే పవర్ బటన్ అనుకున్నాను. కుర్రాడి 28 వేల మాట, నా సున్నా రూపాయల రిపేరు, రెండూ ఇంట్లోవాళ్లకి రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. మర్నాడు ఫోన్లో మా చెల్లికి చెప్పాను. కార్డుల కోసం వచ్చినవాళ్లక్కూడా చెప్పాను.

మూడు రోజులకి మళ్లీ ఆరిపోయింది.

ఈసారి ఏదీ ఊడదీయలేదు. సిగ్గేసి ఊరికే కూచున్నాను. కూచున్నాక తట్టింది. కుర్రాడు ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి ముందు ఏం చేశాడు? ప్లగ్గు పీకాడు. నేను పిన్నులు కలపడానికి ముందు ఏం చేశాను? జెమ్ క్లిప్పు పరీక్ష కోసం ప్లగ్గు పీకాను. ఆ తర్వాత ఎవరేం మార్చినా వచ్చేదే! లేచి గోడ దగ్గర ప్లగ్గు తీసి, అరవై లెక్కపెట్టి, మళ్లీ పెట్టి బటన్ నొక్కాను. మామూలుగా లేచింది. ఇద్దరం చేసిన వైద్యం ఒక్కటే. అతను 1,100 తీసుకున్నాడు, నేను ఊరంతా చెప్పుకున్నాను, అదే తేడా.

దీనికో కారణం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌కి తనని తాను కాపాడుకునే ఏర్పాటు ఉంటుంది. వోల్టేజీ బాగా కిందికి జారినా, లోపల షార్టయినా, తలుపేసుకుని గడియ పెట్టుకుంటుంది. ప్లగ్గు తీసి లోపలున్న కరెంటు కారిపోయేదాకా ఆగితే తప్ప ఆ గడియ చాలావాటిలో ఊడదు. మన దగ్గర కష్టం ఏమిటంటే, మధ్యలో యూపీఎస్ ఉండబట్టి కరెంటు పూర్తిగా తెగదు. అందుకే గడియ అలాగే ఉండిపోతుంది.

అయితే గడియ పెట్టుకునేంతగా దాన్ని ఎవరు బెదరగొడుతున్నారు?

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని, సిస్టమ్‌లో జరిగినవన్నీ రాసిపెట్టే చిట్టా ఒకటుంది. బతికినన్నాళ్లూ దాని మొహం చూడలేదు. అందులో 41 నంబరుతో కెర్నల్ పవర్ అనీ, 6008 నంబరుతో ఫలానా టైముకి సిస్టమ్ చెప్పకుండా ఆగిపోయిందనీ వరసగా రాసి ఉన్నాయి. 6008లో ఆగిన టైము నిమిషాలతో సహా ఉంటుంది. అన్నీ కాగితం మీద ఎక్కించాను. మొత్తం తొమ్మిది. మొదటిది ఏప్రిల్ రెండో వారంలో, అంటే నేను కరెంటు పోయిందేమోలే అనుకుని వదిలేసినవి కూడా ఉన్నాయన్నమాట. రాత్రిపూట ఒక్కటీ లేదు. ఆదివారాలు లేవు.

నాకు ఆర్డర్ల పుస్తకంలో ప్రూఫు ఇచ్చిన టైము రాసుకునే అలవాటుంది. పెళ్లివారు ముహూర్తం టైము తప్పు పడిందని తర్వాత వచ్చి తగువు పెట్టుకుంటే చూపించడానికి. ఆ పుస్తకం పక్కన పెట్టి చూశాను. తొమ్మిదిలో ఎనిమిది, ప్రూఫు టైముకి అటో ఇటో రెండు నిమిషాల్లో ఉన్నాయి.

ప్రింటర్!

అయినా ప్రింటు ఇచ్చిన ప్రతిసారీ ఆగట్లేదు కదా. ఇంకాసేపు తలపట్టుకుంటే అదీ తెలిసింది. గంటో రెండు గంటలో ఊరికే ఉన్న ప్రింటర్‌కి ఇచ్చిన మొదటి ప్రింటుకే ఆగుతోంది. లేజర్ ప్రింటర్‌లో పొడిని కాగితానికి కరిగించి అతికించే వేడి రోలరు ఒకటుంటుంది. నిద్రలోంచి లేచినప్పుడు అది వేడెక్కాలి. ఆ కొన్ని సెకన్లూ 700, 800 వాట్లు లాగే ప్రింటర్లున్నాయి, ఇస్త్రీ పెట్టె పెట్టినట్టే. ఒకసారి వేడెక్కాక వరసగా ఇచ్చే ప్రింట్లకి అంత అక్కర్లేదు.

సరే, ప్రింటర్ లాగితే లాగింది, కంప్యూటర్‌కేం నొప్పి? ప్రింటర్ వైరు పట్టుకుని టేబుల్ కిందికి దూరాను. అది గోడ సాకెట్లోకి వెళ్లలేదు. తిన్నగా యూపీఎస్ వీపులోకి వెళ్లింది.

పెట్టింది నేనే. ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయని కూలర్ కొన్నాం. దానికి సాకెట్ కావాల్సొచ్చి, గోడకున్న ప్రింటర్ ప్లగ్గు తీసి యూపీఎస్ వెనక ఖాళీగా ఉందని అందులో గుచ్చాను. నా చేత్తో నేను. 600 వీఏ యూపీఎస్ అంటే నాదాని మీద రాసున్నది 360 వాట్లు. దాని పుస్తకంలో లేజర్ ప్రింటర్ తగిలించకూడదని కూడా ఉంది. ఐదేళ్లనాడు కొన్నప్పుడు ఆ పుస్తకం కవరు కూడా చింపలేదు. ప్రింటర్ వేడెక్కడం మొదలవగానే గోడ కరెంటు ఓ మెట్టు దిగేది. యూపీఎస్ టిక్కుమని బ్యాటరీ మీదికి వెళ్లేది. ఆ ముసలి బ్యాటరీ మీద ఇస్త్రీ పెట్టె అంత బరువు పడేసరికి చేతులెత్తేసేది. ఆ రెప్పపాటులో ఎస్‌ఎంపీఎస్ పడిపోవడమో, గడియ పెట్టుకోవడమో.

ప్రింటర్‌ని మళ్లీ గోడకి పెట్టాను. కూలర్‌ని జంక్షన్ బాక్సులో పెట్టి అదే బోర్డుకి తగిలించాను. కంప్యూటర్ ఆరడం ఆగింది. నిజానికి చాలామంది ఇక్కడితో వదిలేస్తారు. నాకూ వదిలేద్దామనే ఉంది, పదిహేను కార్డులు బాకీ ఉన్నాయి. కానీ మొదటి ప్రింటు ఇచ్చినప్పుడల్లా ట్యూబులైటు రెప్ప కొడుతూనే ఉంది, యూపీఎస్ టిక్కుమంటూనే ఉంది. నాన్నయితే గొణుగుతూనే ఉండేవాడు.

మల్టీమీటర్ ముళ్లు గోడ సాకెట్లో పెట్టి పట్టుకుని, మా అబ్బాయిని ప్రింటు ఇవ్వమన్నాను. (మీరు చెయ్యకండి. 230 వోల్టుల్లో చెయ్యి జారితే మళ్లీ చెప్పుకోవడానికి ఉండరు. ఎలక్ట్రీషియన్ని పిలవండి.) మామూలుగా 226 ఉన్నది ప్రింటర్ మూలగగానే 198కి దిగింది, మళ్లీ పైకి లేచింది. వంటింటి సాకెట్ దగ్గర చూస్తే అదే క్షణంలో 224. అంటే వీధిలో కరెంటు బాగానే ఉంది, ఇంట్లోకి బాగానే వచ్చింది, వంటింటిదాకా వచ్చింది. నా గది బోర్డులోనే ఎక్కడో జారుతోంది.

మరి మొదటి రోజు ఇదే సాకెట్లో టేబుల్ లైటు వెలిగిందిగా? అదే నా తప్పు. ఆ లైటు 9 వాట్ల ఎల్ఈడీ. దానికి చిటికెడు కరెంటు చాలు, లూజు కనెక్షన్‌లోంచి కూడా పాకి వచ్చేస్తుంది. నాన్న సంచిలో ఉండేది 100 వాట్ల బల్బు. చిన్న బల్బు తెచ్చుకుంటే సంచి బరువు తగ్గుద్ది కదా అని నేనొకసారి అడిగినట్టు కూడా గుర్తు. టెస్టరు సంగతీ అంతే. ఫేజు రంధ్రంలో పెడితే అది ఎర్రగా వెలుగుతుంది, మనం సరే అనుకుంటాం. న్యూట్రల్, అంటే కరెంటు వెనక్కి పోయే వైరు, ఎలా ఉందో దానికి తెలీదు.

నాన్నతో పనిచేసిన ఎలక్ట్రీషియన్ బాబాయ్ ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. మెయిన్ ఆపి, బోర్డు నాలుగు స్క్రూలు విప్పి, బయటికి లాగి, “ఇటు రా అమ్మాయ్, చూడు” అన్నాడు. న్యూట్రల్ వైరు బిగించే స్క్రూ వేలితో తిప్పితే తిరుగుతోంది. దాని చుట్టూ సాకెట్ నల్లగా మాడి, కాలిన వాసన. లూజుగా ఉన్నచోట కరెంటు గట్టిగా లాగితే వేడెక్కుతుంది, వేడెక్కి ఇంకా లూజవుతుంది. కూలర్, ప్రింటర్ కలిసి ఏప్రిల్ నుంచీ దాన్ని వేపుతున్నాయి. “కంప్యూటర్ ఆరిపోతోందని చూసుకున్నావు గనక సరిపోయింది. లేకపోతే బోర్డే అంటుకునేది” అన్నాడు. ఆ మాటకి నాకు అప్పుడు భయం వేసింది, మొత్తం కథలో అదొక్కసారే.

ఇంకోటి కూడా దొరికింది. ఆకుపచ్చ ఎర్త్ వైరు బోర్డు దాకా వచ్చి, చుట్ట చుట్టి లోపల పడుంది. దేనికీ తగిలించలేదు. ఇల్లు కట్టినప్పట్నుంచీ అంతే. వట్టికాళ్లతో క్యాబినెట్‌ని ముట్టుకుంటే సన్నగా జివ్వుమనేది, ఇన్నేళ్లూ కంప్యూటర్లన్నీ అంతేనేమో అనుకున్నాను. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు గోలని వడగట్టే చిన్న కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ క్యాబినెట్ రేకుకి ఉంటాయి. వాటిలోంచి వచ్చే కాస్త కరెంటు ఎర్త్‌లోకి దిగిపోవాలి. ఎర్త్ లేకపోతే రేకు మీద దాదాపు సగం వోల్టేజీ నిలబడుతుంది. టెస్టరు పెడితే వెలుగుతుంది కూడా. త్రీపిన్ ప్లగ్గులో మీది పిన్ను పొడుగ్గా ఉండేది అన్నిటికంటే ముందు ఎర్త్ తగలాలని. లావుగా ఉందని ఆ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో గుచ్చే మహానుభావుల్ని నేనెరుగుదును. మా ఇంట్లోనే ఒకరున్నారు.

కొత్త సాకెట్, మెయిన్ దగ్గర్నుంచి కూలర్‌కి విడిగా ఒక లైను, ఎర్త్ కనెక్షన్, బాబాయ్ కూలి, అన్నీ కలిపి 1,900. యూపీఎస్‌కి 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ వేయించాను, 1,050. పాతదాని పొట్ట ఉబ్బిపోయి బయటికి రావడానికి మొరాయించింది. ప్రింటు ఇచ్చి మీటరు చూశాను, 226 నుంచి 223. ట్యూబులైటు కదల్లేదు. పవర్ బటన్ వైర్లు కూడా మళ్లీ యథాస్థానంలో పెట్టేశాను, పాపం దాని తప్పేం లేదు. ఆగిపోయిన కార్డు ఆ రాత్రే పూర్తిచేశాను. పెళ్లికూతురి పేరులో ఒత్తు ఉందో లేదో కనుక్కోవడానికి ఫోన్ చేస్తే వాళ్ల నాన్న, “కరెంటు వచ్చిందామ్మా మీకు?” అన్నాడు.

ఈ గొడవ అయ్యాక మా వీధిలో నాకు కంప్యూటర్ డాక్టరని పేరొచ్చింది. వచ్చిన కేసులన్నీ ఇంత పెద్దవేం కావు. ఒకటి ఫ్యాను తిరిగి మూడు బీపులు కొడుతోంది. ర్యామ్ తీసి కాళ్లని రబ్బరుతో తుడిచి పెడితే అయిపోయింది. ఒకరి సిస్టమ్ రోజూ 2009కి వెళ్లిపోతోంది, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే 2032 సెల్లు మార్చాం. ఒకటి పది నిమిషాలు నడిచి ఆగుతోంది. ప్రాసెసర్ ఫ్యాను కింద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. ఒక బోర్డులో మాత్రం ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్ల నెత్తులు పూరీల్లా పొంగి ఉన్నాయి, దానికి నేను చెయ్యగలిగింది లేదని చెప్పేశాను. ఒకదాంట్లో బల్లి. దాని గురించి రాయను.

షాపు కుర్రాడు ఆ ఆషాఢంలో వచ్చాడు, వాళ్ల షాపు పాంప్లెట్ వేయించుకోవడానికి. జరిగింది చెప్పి, పాత ఎస్‌ఎంపీఎస్‌కి జెమ్ క్లిప్పు పెట్టి తిప్పి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాకెవరూ ఇలా చూపించలేదాంటీ. పోతే మార్చమన్నారు, మారుస్తున్నా” అన్నాడు. డబ్బులు వెనక్కిస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. క్లిప్పు మాత్రం అడిగి పట్టుకుపోయాడు. పాంప్లెట్‌లో “అన్ని రకముల రిపేర్లు చేయబడును” అన్నది ఎంత పెద్ద అక్షరాల్లో పెట్టాలా అని ఇద్దరం చాలాసేపు చూశాం.

ఈ ఏడూ ఎండలు మొదలయ్యాయి. కూలర్ దింపాం, దాని సాకెట్లో దాన్ని పెట్టాం. ఎర్త్ గుంట మా పెరట్లో మునగచెట్టు పక్కన ఉంది, ఉప్పూ బొగ్గులూ వేసి పూడ్చింది. నేల ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచెయ్యదని, వేసవిలో తడి ఆరనివ్వొద్దని బాబాయ్ చెప్పి వెళ్లాడు. ఇవాళ పొద్దున రెండు బకెట్లు పోశాను. మునగచెట్టు కూడా తాగినట్టుంది, ఈసారి కాయ విరగ్గాసింది.